సాంచె నడిస్తేనే మాట

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. బాలకిషన్ నలభై ఏళ్లు సాంచెల మధ్యే బతికాడు. ఆ రొదకు అలవాటుపడి, ఇంట్లో మంచినీళ్లడిగినా రోడ్డవతలికి వినబడేలా అడుగుతాడు. నేత కళాసమితికి ఆయన కార్యదర్శి అయ్యాడంటే, పన్నెండేళ్లుగా ఆ పదవి ఇంకెవరూ అడగకపోవడం వల్లే.

సమితికి మిగిలిందల్లా ఒక గది, అందులో వినాయక మండపం కర్రలు. నెలాఖరులోగా ఒక్క కార్యక్రమమైనా చేయకపోతే గదిని జిమ్ముకిస్తామని వాడకట్టు పెద్దలు తేల్చారు. బాలకిషన్‌కు రోషమొచ్చింది. వేషాలు వద్దు, పాత కార్మికులే వేదికెక్కి తమ బతుకు తామే చెబుతారన్నాడు. చూసి రాయడానికి జగిత్యాల నుంచి ఒక నాటక సంస్థ పరిశీలకుడు వస్తానన్నాడు.

రిహార్సల్‌లో నూలు కండెలు చుట్టే సత్యవ్వ, సాంచె నడిపిన రాజనర్సు మైకు ముందు నిలబడి నోరు మెదపలేదు. కోరుట్ల నుంచి మైకు తెచ్చిన ఆమిర్ గంటసేపు ఓపిక పట్టాడు.

"ఏదన్న ఒకటి చెప్పు పెద్దమ్మా."

"సప్పుడు లేకుంటె మాటెట్లొస్తది కొడుకా? మా ముచ్చట్లన్నీ సాంచెల కాడనే."

"ఇంట్ల మాట్లాడుకోలేదా?"

"ఇంట్ల ఎప్పుడున్నం?"

రాజనర్సు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క సాంచె తెచ్చి నడుపు బాలన్నా. నా పెండ్లి సంగతి సుత చెప్త."

తుక్కులోకి పోబోతున్న సాంచెనొకదాన్ని బాలకిషన్ ట్రాలీ ఆటోలో తెచ్చి వేదిక మీద బిగించాడు. ప్రదర్శన రోజు స్విచ్ వేయగానే ఇద్దరి నోళ్లూ తెరుచుకున్నాయి. గంటసేపు ఆగలేదు. ఒక్క మాటా వినబడలేదు. ఆమిర్ మైకు పెంచితే సాంచె రొదే పెరిగింది.

కానీ ముందు వరుసల్లో ఉన్నది సాంచెల కార్మికులు. పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం వాళ్లకు పనితోపాటే వచ్చిన విద్య. సత్యవ్వ కండెల దగ్గరే పురిటినొప్పులు పడ్డ సంగతి చెబుతుంటే ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. రాజనర్సు పెళ్లి దగ్గర పడీపడీ నవ్వారు. పరిశీలకుడు వేదికను చూశాడు, జనాన్ని చూశాడు, వంచిన తల ఎత్తకుండా రాసుకున్నాడు.

వారానికి ఆ సంస్థ నుంచి కాగితం వచ్చింది. అది చూసి పెద్దలు గదిని సమితికే వదిలేశారు. ఉత్తమ మూకాభినయ బృందంగా గుర్తిస్తున్నామని, వచ్చే ఏడు కూడా ఇలాగే మాటలు లేకుండా ప్రదర్శించాలని అందులో ఉంది.

"మూకాభినయమంటే ఏంది?" అంది సత్యవ్వ.

"నోరు మెదపకుండ ఆడే ఆట, పెద్దమ్మా," అన్నాడు ఆమిర్.

ఆమె బాలకిషన్ వైపు తిరిగింది. "గంటసేపు చెప్పినం గద తమ్మీ. నా కాన్పు ముచ్చట సుత చెప్పిన."

"గది దక్కింది, ఊకో అక్కా," అన్నాడు బాలకిషన్, నెమ్మదిగానే అన్నాననుకుని. రోడ్డవతల చాయ్ తాగుతున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.