మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయిన కథ

‘మా అవ్వ నిన్న సాయంత్రం పోయింది.’

నేను రాసిన కథలో మొదటి వాక్యం ఇది. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. బాగా కుదిరిందని మురిసిపోయి, పొద్దున చాయ్ తాగుతూ ఫోన్లో మా సాహిత్య గ్రూపులో కథ పెట్టాను. పైన ‘కథ’ అని రాశాను కూడా. ఎవరు చూస్తారు? చదవకుండా దండం బొమ్మ పెట్టి పోవడం మా గ్రూపు ఆచారం. నేనేం తక్కువ తినలేదు. ఎన్ని కవితల కింద చదవకుండానే ‘అద్భుతం’ అని రాశానో నాకే తెలియదు.

అరగంటలో గ్రూపంతా ‘ఓం శాంతి’లు. ఒకాయన దీపం బొమ్మ పెట్టాడు. ఇంకొకాయన మా అవ్వ చేతి అన్నం తిన్నానని రాశాడు. ఆయన మొహం నేనెన్నడూ చూడలేదు. ‘అయ్యా, ఇది కథ, మా అవ్వ బాగానే ఉంది’ అని రాస్తే దానికీ దండాలే పెట్టారు. ఒళ్లు మండింది.

పత్రికలున్న రోజుల్లో కథ పంపి నెలల తరబడి ఎదురుచూసేవాణ్ణి. అచ్చయితే మంచిర్యాల స్టేషన్లో పుస్తకాల దుకాణానికి పోయి కొనుక్కునేవాణ్ణి. ఇప్పుడక్కడ నీళ్ల సీసాలు, ఫోన్ చార్జర్లు అమ్ముతున్నారు. అప్పట్లో ముక్కూ మొహం తెలియని మనిషి రెండు పేజీల ఉత్తరం రాసి తిట్టేవాడు. తిట్టాలంటే ముందు చదవాలి కదా! ఇప్పుడు కథ నిమిషంలో అందరికీ చేరుతుంది. మరో నిమిషంలో ఎవరిదో పుట్టినరోజు కేకు కింద పడి కనిపించకుండా పోతుంది. నాకు మెప్పు అక్కర్లేదు. చివరిదాకా చదివే మనిషి ఒక్కడు చాలు. ఆ ఒక్కడి కోసం రోజంతా ఫోన్ పట్టుకొని కూర్చుంటున్నాను. ఇంట్లో ఉండేది నేనూ అవ్వా ఇద్దరమే.

ఆ ఒక్కడు హుస్నాబాద్‌లో ఉన్నాడనుకునేవాణ్ణి. కాలేజీ నాటి దోస్తు, మా గ్రూపులోనే ఉంటాడు. నా చేతిరాత కాగితాలను ఎర్ర పెన్నుతో గీకి గీకి తిరిగిచ్చేవాడు. ఆ మధ్యాహ్నం కరీంనగర్‌లో బస్సు మారి, నస్పూర్‌లో మా ఇంటి ముందు ఆటో దిగాడు. గడపలో కూర్చొని అవ్వ చిక్కుడుకాయలు తుంచుతోంది.

“ఏం కొడుకా, గిప్పుడు యాదికొచ్చిందా గీ అవ్వ?” అంది.

వాడు గోడ పట్టుకొని నిలబడిపోయాడు.

“గట్ల జూస్తున్నవేంది? ఎవలన్న పోయిన్రా?”

“నువ్వే పోయినవవ్వా!” అంటూ వాడు ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు.

సంగతి చెబితే అవ్వ పడీ పడీ నవ్వింది.

“ఫోన్ జేసి అడుగొద్దారా?” అన్నాను.

“గసొంటి ముచ్చట ఫోన్ల అడుగుతరా?”

“సరే గని, కథ ఎట్లుంది?”

“ఏం కథరా? మొదటి ముక్క సదివిన, ఉరికొచ్చిన.”

వీడు కూడా చదవలేదు! నా దుఃఖం పంచుకోవడానికి అంత దూరం వచ్చిన మనిషి మీద నాకు అలక వచ్చింది. నా అల్పత్వానికి నాకే సిగ్గేసింది, కానీ అలక మాత్రం పోలేదు. అన్నం తిని వాడు సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

“నన్ను సంపి ఏం రాసినవో సదువు, నేనింట” అంది అవ్వ. ఆమెకు చదువు రాదు. ఇన్నేళ్లలో నేను ఒక్క కథ కూడా ఆమెకు చదివి వినిపించలేదు. ఆ ఆలోచనే రాలేదు.

చదివాను. కథలో కొడుకు అవ్వ శవం పక్కన కూర్చుంటాడు. ఉద్యోగంలో పడ్డ మాటలు, తెగిపోయిన పెళ్లి, పొద్దంతా తనను తినేసే దిగులు, అన్నీ చెప్పుకుంటాడు. అవ్వ మిగిలిన చిక్కుళ్లు పక్కన పెట్టి ఆఖరి వాక్యం దాకా వింది.

“సచ్చినంక నాతోని గింత ముచ్చట వెట్టినవు” అంది. “బతికున్నదానితోని ఒక్క మాటన్న మాట్లాడవేంది బిడ్డా?”