మూతదాకా నిండిన ట్యాంకు

నర్సీపట్నంలో శ్రీదుర్గ ఇల్లెక్కడని అడిగితే నలుగురు నాలుగు వైపులు చూపిస్తారు. ట్యాంకుల దుర్గ అని అడగండి, బలిఘట్టం రోడ్డులో ఉన్న రేకుల షెడ్డు ముందు ఆటో ఆపి మరీ దించుతారు. ఆ పేరు ఆవిడకు మొదట్లో నచ్చేది కాదు. ఇంజనీరింగ్ చదివిన మనిషిని పట్టుకుని ట్యాంకుల దుర్గ ఏమిటని మూతి ముడుచుకునేది. ఇప్పుడు ఫోన్లో కూడా అలాగే చెప్పుకుంటోంది. ఈ ఊరు ఒక పేరు పెట్టిందంటే దాంతో పేచీ పెట్టుకుని గెలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు.

పుట్టింది నాతవరం దగ్గర పల్లెలో, వరి పండించే ఇంట్లో. మెకానికల్ చదివి, ట్రాక్టర్లకు నీళ్ళ ట్యాంకర్లు తయారుచేసే తాతాజీ గారింటికి కోడలుగా వచ్చింది. భర్త గోవింద్ కరెంటు స్తంభాలు ఎత్తే క్రేన్ నడుపుతాడు. ట్యాంకర్లు చేసుకునే ఇంట్లో కోడలికి అంత చదువు దేనికని చుట్టాలు తెగ వాపోయారు. వాపోయినవాళ్ళలో ఒక్కరు కూడా ఆమెతో పాటు కూర్చుని పరీక్షలు రాయలేదు కాబట్టి దుర్గ పట్టించుకోలేదు.

ఆ రోజుల్లో చింతపల్లి ఘాట్‌రోడ్డెక్కే ట్యాంకర్లు సగం ఖాళీ అయ్యాక మలుపుల దగ్గర ఒరిగిపోతుండేవి. డ్రైవర్లు రోడ్డును తిట్టేవారు, జనం డ్రైవర్లను తిట్టేవారు. దుర్గ ఒకసారి ట్యాంకరు వెనక స్కూటీ మీద వెళ్ళి చూసి, లోపలి నీళ్ళన్నీ ఒక్కసారిగా ఒక వైపుకు ఉరకడమే దీనికి కారణమని తేల్చింది. తర్వాతి ట్యాంకరులో చిల్లులున్న రేకులు అడ్డంగా బిగించింది. చిల్లుల్లోంచి నీళ్ళు నెమ్మదిగా వెళ్ళాలే తప్ప గుంపుగా పరిగెత్తలేవు. ఇదంతా దండగని మామగారు సణిగారు. ఒక వర్షాకాలం గడిచేసరికి కొండ మీది ఏజెన్సీ ఊళ్ళ వాళ్ళంతా అడ్డురేకుల ట్యాంకరే కావాలని వచ్చి కూర్చున్నారు. ఆయన సణగడం మానలేదు గానీ, ఆ రేకులు మాత్రం తనే కోసి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఆ అడ్డురేకుల సంగతి ఎవరి నోట పడి ఎంత దూరం వెళ్ళిందో, ఒకరోజు హైదరాబాదు నుంచి అనంతకృష్ణ అనే ఆయన షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. పైలట్ లేని చిన్న విమానాలు తయారుచేసే కంపెనీలో పరీక్షలు చూసే ఇంజనీరు. కొండ మీది ఊళ్ళకు మందులు మోసే విమానం వాళ్ళది, పెట్రోలుతో ఎగురుతుంది. రెక్క విరిగితే ఇంకో రెక్క పెట్టుకుంటాం, ముక్కు నలిగితే ఇంకో ముక్కు పెట్టుకుంటాం, కానీ ఎక్కడైనా దబ్బున పడితే ట్యాంకు పగిలి పెట్రోలు వేడి ఇంజను మీద చిమ్ముతోంది, అక్కడితో అంతా బూడిదే అన్నాడు. పడినా పగలని ట్యాంకు గీసి ఇవ్వగలరా అని అడిగాడు.

ఆ రాత్రి దుర్గకు నిద్ర పట్టలేదని చెబితే అబద్ధమవుతుంది. హాయిగా పడుకుంది. తెల్లారి లేచాక మాత్రం ఒకటే కోరిక ఆమెను పట్టుకుని వదల్లేదు. తను గీసిన ట్యాంకు ఆకాశంలో ఎగరాలి.

చిక్కు ఎక్కడుందో ఆమెకు బాగా తెలుసు. పడ్డప్పుడు విమానం నేలకు తగిలి ఆగిపోతుంది, లోపలి పెట్రోలు ఆగదు. బస్సుకు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డ జనమంతా డ్రైవరు మీదికి వెళ్ళినట్టు అదంతా ముందు గోడ మీదికి దూకుతుంది. గాలైతే నలిగి సర్దుకుంటుంది. పెట్రోలు గానీ నీళ్ళు గానీ నలగవు. ఆ తోపంతా గోడలే భరించాలి, అందులోనూ మూలలు ఎక్కువ భరించాలి.

మొదటి ట్యాంకు మందపాటి అల్యూమినియంతో చేసింది. నీళ్ళు నింపి పై నుంచి వదిలితే అతుకు దగ్గర నోరు తెరిచింది. రెండోది రబ్బరు పట్టించిన గుడ్డ సంచి. అది మూలన పగిలి, చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ స్నానం చేయించింది. వీధిలో నవ్వుకున్నారు. దుర్గకు ఏడుపొచ్చింది, షెడ్డు వెనక్కి వెళ్ళి కాసేపు ఏడ్చింది కూడా. ఏడుస్తూనే ఆలోచించింది. ఇన్నాళ్ళూ తను నీళ్ళతో కుస్తీ పడుతోంది, కుస్తీలో నీళ్ళదే గెలుపు. వాటికి దారి ఇవ్వాలి గానీ అడ్డం నిలబడకూడదు.

అందుకే మూడోదానికి మూలలే లేకుండా చేసింది. పొట్టంతా గుండ్రం. గుడ్డ పొరలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా తిప్పి అతికించింది, తోపు ఎటు వచ్చినా ఏదో ఒక పొర సాగి పట్టుకునేలా. లోపల చిల్లుల స్పాంజి నింపింది, ఆ తోపు ముక్కలు ముక్కలైపోయేలా. దెబ్బ తగిలే చోటు నుంచి అతుకును పక్కకు జరపడానికే నెలలు పట్టింది. ఆ నెలల్లో ఇంట్లో కూరలు ఎలా ఉండేవో గోవింద్‌ను అడిగితే ఇప్పటికీ నవ్వి ఊరుకుంటాడు.

అనంతకృష్ణ మర్యాదస్తుడే, కానీ కంపెనీ మాట దాచలేదు. ఇదే ఆఖరి అవకాశమని, ఇది కూడా పగిలితే పని బెంగళూరులో వేరే వాళ్ళకు వెళ్ళిపోతుందని నెమ్మదిగా చెప్పాడు. దుర్గ సరేనని తలూపింది.

పరీక్ష చెప్పుకోవడానికి చాలా సులువు. ట్యాంకులో పెట్రోలుకు బదులు నీళ్ళు పోసి, గోవింద్ క్రేన్‌తో మూడంతస్తుల ఎత్తుకు లేపి, కింద కాంక్రీటు దిమ్మ మీదికి వదిలేయాలి. చుక్క బయటికి రాకూడదు. నీళ్ళు ఐదింట నాలుగు వంతులే పోయాలని కంపెనీ నియమం. మిగతా చోట ఉండే గాలి కాస్త నలిగి తోపును తగ్గిస్తుంది. దుర్గ లెక్కలన్నీ ఆ గాలిని నమ్ముకుని వేసినవే.

అయితే ఆ షెడ్డుకూ ఒక నియమం ఉంది. తాతాజీ గారు షెడ్డు పెట్టిన నాటి నుంచి కొత్త ట్యాంకరు ఏదైనా సరే, పసుపు కుంకుమ పెట్టి, మూతి మీదుగా నీళ్ళు పొర్లేదాకా నింపితే గానీ గేటు దాటనివ్వరు. వెలితిగా పంపితే కొన్నవాళ్ళ ఇంట్లోకి వెలితి వెళ్తుందని నమ్మకం. పొర్లించే పని సింహాద్రమ్మది. షెడ్డు ఊడ్చి, కడిగి, టీలు కాచే ఆ పెద్దావిడ తన చేతి మీదుగా ఒక్క ట్యాంకరునూ వెలితిగా పంపి ఎరగదు.

ఆ ఉదయం దుర్గ నాలుగు వంతుల గీత దాకా నీళ్ళు కొలిచి పోసి, మూత పెట్టి, బొట్టు పెట్టమని సింహాద్రమ్మకు చెప్పి, అనంతకృష్ణకు దిమ్మ చూపించడానికి వెళ్ళింది. సింహాద్రమ్మ మూత తీసి చూస్తే లోపల వెలితి. పాపం ఈ పిల్ల హడావిడిలో మరిచిపోయిందనుకుంది. చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది, పొర్లించింది, మూత గట్టిగా బిగించింది, పైన తడి అంతా తుడిచి పసుపు రాసి దండం పెట్టుకుంది. గోవింద్ కొక్కెం తగిలించి ట్యాంకును పైకి లేపేశాడు.

ట్యాంకు పైన వేలాడుతుండగా దుర్గ కంటికి నేల మీద నీళ్ళ మడుగు కనబడింది. ఇవి ఎక్కడివని అడిగింది.

"నానే అమ్మా. నువ్వు ఎలితిగా వొగ్గేసినావు. నాను పొర్లించి మూతెట్టినాను," అంది సింహాద్రమ్మ, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

లోపల నలగడానికి గాలి లేదు. దెబ్బంతా ఇప్పుడు గుడ్డ మీదే. అందరి ముఖాలూ చూసి సింహాద్రమ్మకు ఏదో తప్పు జరిగిందని అర్థమైంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అనంతకృష్ణ మాత్రం తేలిగ్గానే తీసుకున్నాడు. దించేద్దాం మేడం, కాసిని నీళ్ళు తీసేసి మళ్ళీ లేపుదాం, ఇందులో ఏముంది అన్నాడు. ఒకవేళ ఇలాగే వదిలి పగిలితే తను పగిలిందనే రాయాలని, మూతదాకా నింపారు కాబట్టి పగిలిందని రాయడానికి వీల్లేదని కూడా చెప్పాడు.

దుర్గ సరే దించండి అనబోయి ఆగిపోయింది. విమానం బయల్దేరేటప్పుడు అందులో పెట్రోలు ఎంత ఉంటుందని అనంతకృష్ణను అడిగింది. నిండుగానే ఉంటుంది, కొండ దాకా వెళ్ళి రావాలి కదా అన్నాడాయన. మరి పరీక్షకు నాలుగు వంతులే ఎందుకంటే కాస్త ఇబ్బందిగా నవ్వాడు. నిండుగా పోస్తే ఇంతవరకూ ఏ ట్యాంకూ నిలవలేదట, అందుకని తగ్గించారట.

ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు. నెలల కిందటే అనుమానం వచ్చింది. అడిగితే తన పని కష్టమవుతుందని అడగలేదు, అంతే. ఇప్పుడు తల ఎత్తి చూస్తే నిజమైన ట్యాంకు ఎలా ఉంటుందో అలాగే నిండుగా వేలాడుతోంది. దాన్ని దించి, సగం ధైర్యంతో మళ్ళీ లేపి, గెలిచానని చెప్పుకోవడం ఆమెకు సిగ్గనిపించింది.

"వదిలేయండి," అంది గోవింద్‌తో.

గోవింద్ క్రేన్ మీద నుంచి వంగి చూశాడు. "దుర్గా, ఇదే ఆఖరిది. పోతే మరి ఇవ్వరు."

"తెలుసు. ఎగిరేది అలాగే కదా. వదిలేయండి."

పెళ్ళయిన నాటి నుంచి ఆ గొంతు అతనికి పరిచయమే. కొక్కెం విడిపించాడు.

ట్యాంకు దిమ్మను తాకిన చప్పుడుకు పక్క కొట్లలో వాళ్ళు రోడ్డు మీదికి వచ్చేశారు. అది చపాతీలా పరుచుకుంది, రెండు పక్కలకూ ఉబ్బింది, ఇంక పోయిందనుకునేంతలో మళ్ళీ దగ్గరకు ముడుచుకుని ఒక్క ఎగురు ఎగిరి పక్కకు దొర్లి ఆగింది. దుర్గ పరిగెత్తింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో పొట్టంతా తడిమింది. అతుకు తడిమింది, మూత చుట్టూ తడిమింది, బోర్లించి అడుగు తడిమింది. చేతులకు పసుపు అంటింది గానీ తడి అంటలేదు.

అనంతకృష్ణ జేబురుమాలు తీసి తనూ ఒకసారి తుడిచి చూశాడు. రుమాలు పొడిగానే ఉంది. ఇంత చదువుకున్న ఆ మనిషి రోడ్డు పక్కన నిలబడి ఈల వేశాడు. దుర్గ అప్పటికే ఏడుస్తోంది, ఈసారి షెడ్డు వెనక్కి వెళ్ళలేదు. తన తప్పుకు క్షమించమంటున్న సింహాద్రమ్మను గట్టిగా కౌగిలించుకుని, తప్పూ లేదు గిప్పూ లేదు, వెళ్ళి అందరికీ టీ పెట్టమంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఇంకోసారి ఎత్తండి, ఈసారి పక్కకు పడేలా వదలండి అంది. పక్కకు వదిలారు, తలకిందులుగా వదిలారు. సాయంత్రానికి ట్యాంకు కిందపడ్డప్పుడల్లా చప్పట్లు కొట్టడానికి రోడ్డు నిండా జనం తయారయ్యారు. తాతాజీ గారు కుర్చీ తెప్పించుకుని ముందు వరసలో కూర్చుని, చప్పట్లు సరిగ్గా కొట్టనివాళ్ళ మీద సణిగారు.

కంపెనీ ఆ ట్యాంకును తీసుకుంది. పరీక్ష నియమం కూడా మార్చి, ఇక నుంచి మూతదాకా నింపే వదలాలని రాసుకుంది. దుర్గ ట్యాంకుతో విమానం ఊరి బయటి మైదానం నుంచి లేచి కొండల వైపు వెళ్ళిన రోజున ఆమె కళ్ళు చిట్లించి, అది చుక్కంతై కనబడకుండా పోయేదాకా చూసింది. కోరిక తీరిందనే అనుకుంది.

జీడిపిక్కలు రాలే కాలంలో ఒక ఉదయం అనంతకృష్ణ ఫోన్ చేశాడు. విమానం నిండు ట్యాంకుతో అలా లేచిందో లేదో, గద్ద ఒకటి వచ్చి రెక్కకు కొట్టుకుందట. ఊరికి కొద్ది దూరంలో రాజులమ్మ అనే ఆవిడ జీడితోటలో విమానం కూలిందట. గొంతులో కంగారు వినబడుతోంది. దుర్గ ఫోన్ పెట్టేసి గోవింద్ బండి వెనకెక్కింది. దారంతా తోట వైపు ఆకాశంలో పొగ కోసం వెతుకుతూనే ఉంది. పొగ లేదు, కానీ ఆమెకు నమ్మకం చిక్కలేదు.

విమానం ముక్కలై పడి ఉంది. రెక్క ఒకచోట, తోక ఒకచోట. ఇంజను ఎండుటాకుల్లో ఇంకా వేడిగా చిటపటలాడుతోంది. దాని పక్కనే ట్యాంకు, కాస్త మట్టి అంటుకుని, లేచినప్పుడు ఎంత నిండుగా ఉందో అంత నిండుగా పడి ఉంది. దుర్గ మోకాళ్ళ మీద కూర్చుని తడిమింది. వాసన కూడా రాలేదు. ఆ ట్యాంకు ఎగిరిన రోజు పడ్డ సంతోషం ఇప్పుడామెకు చాలా చిన్నదిగా అనిపించింది. అది పడడం కోసమే తను ఇన్నాళ్ళూ గీసిందని అప్పుడు తెలిసింది.

గంప చంకన పెట్టుకుని ఒక ముసలావిడ నెమ్మదిగా దగ్గరికి వచ్చింది. ఆవిడే రాజులమ్మ. జుట్టులో జీడాకులు ఇంకా చిక్కుకుని ఉన్నాయి. ఈ డబ్బా నీదేనా అని అడిగింది. దుర్గ అవునంది. దెబ్బలేమైనా తగిలాయా, ఇది పడ్డప్పుడు ఎక్కడున్నారని అడిగింది.

రాజులమ్మ ఇంజనుకు రెండడుగుల దూరంలో ఉన్న చెట్టును చూపించింది.

"ఆ సెట్టు కిందే పిక్కలేరతన్నాను తల్లీ. నీ డబ్బా నన్నేటీ సేయనేదు."