సీడీలో నేను, క్లాసులో అతను

కర్నూలులో ఒక మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పేదాన్ని. గుండె పాఠమంటే నాదే. అది నాకంటే బాగా చెప్పేవాళ్లు రాయలసీమలోనే లేరని నా గట్టి నమ్మకం. సీడీలు కొత్తగా ఇంటింటికీ వస్తున్న ఆ రోజుల్లో కడప నుంచి బదిలీ మీద మా డిపార్టుమెంటుకే అతను వచ్చాడు. నాకంటే బాగా చిన్నవాడు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీయే ఇచ్చారు, నా ఖర్మ.

ఒకరోజు చేతి కెమెరా తెచ్చి నా గుండె పాఠం రికార్డు చేసుకుంటానన్నాడు. పొంగిపోయాను. ధర్మవరం పట్టుచీర కట్టుకెళ్లి మరీ చెప్పాను. మరుసటి ఏడు కొత్త బ్యాచ్‌కి రక్తం, నరాలు ఎప్పట్లాగే నేను చెప్పాను. గుండె దగ్గరికొచ్చేసరికి మా హెడ్ గారు ఈసారి అతని పద్ధతి చూద్దామన్నారు. ఆ రికార్డుతో చేసిన నా సీడీని పిల్లలు ముందే హాస్టల్లో చూసి రావాలట. క్లాసులో అతను వాళ్లచేత మాట్లాడిస్తాడట. ఇదేం చోద్యమమ్మా అనుకున్నాను.

మొదటి రోజు పనేమీ లేకపోయినా ఆ వరండాలో నడిచాను. లోపల సంత గోల. నా క్లాసులో వెనక బెంచీ మీద తూగే అబ్బాయి గుండె కవాటం ఎప్పుడు మూసుకుంటుందో బోర్డు మీద గీస్తున్నాడు. నేను లేపి నిలబెట్టినా నోరు విప్పని ఆదోని అమ్మాయి అది తప్పని వాడితో కొట్లాడుతోంది. అతను మాత్రం గోడకానుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్క ముక్క చెప్పడే! వాళ్లు అప్పజెబుతున్నవన్నీ నా మాటలు. కష్టం నాది, పేరు అతనిది. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

క్లాసయ్యాక పిల్లలు అతన్ని చుట్టుముట్టి క్యాంటీన్ దాకా వాదించుకుంటూ పోయేవాళ్లు. నేనెదురైతే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేవాళ్లు. ఆ వైభోగం చూడలేక చచ్చేదాన్ని.

ఇకమీదట గుండె పాఠం ఎవరికివ్వాలో పిల్లలనే అడుగుతానన్నారు హెడ్ గారు. ఆ పాఠం పోతే నాకు ఇంకేం మిగులుతుంది? ఆయనకంటే ముందు నేనే ఆదోని అమ్మాయిని పిలిచి, నా పాఠం బాగుందా లేదా అని నిలదీశాను.

“శానా బాగుండాది మేడమ్. హాస్టల్లో అందరం మీదే చూస్తాండాం,” అంది.

ప్రాణం లేచొచ్చింది. మరి అదే పాఠం నేను క్లాసులో చెబితే ఏం లోటని అడిగాను. ఆ అమ్మాయి తల వంచుకుంది.

“సీడీలో అయితే మిమ్మల్ని ఆపొచ్చు మేడమ్.”

కోపం రావాలి. రాలేదు. అప్పటిదాకా అతని మీదున్న కుళ్లంతా ఆ సీడీలోని మనిషి మీదికి మళ్లింది. ఆమెను ఆపుతున్నారు, వెనక్కి తిప్పుతున్నారు, మళ్లీ చెప్పించుకుంటున్నారు. ఇన్నేళ్లలో నా దగ్గర ఎవరూ అంత చనువు తీసుకోలేదు.

గుండె పాఠం అతనికే పోయింది. తక్కిన పాఠాలు కూడా సీడీల కోసం చెప్పిపెట్టమన్నారు నన్ను. ఖాళీ గది, ఎదురుగా కెమెరా, దాని వెనక అతను. కిడ్నీ పాఠం మధ్యలో ఆగి, ఎవరైనా ఏదైనా అడిగితే బాగుండునని బెంచీల వైపు చూస్తూ నిలబడ్డాను.

“ఆగొద్దండి మేడమ్,” అన్నాడు అతను. “ఆ ఖాళీ అంతా మళ్లా నేనే కోసేయాల.”