కొట్టి చూడకుండా పెట్టిన టిక్కు

ఆ రోజుల్లో మాకు కోపం కూడా మూడు షిఫ్టుల్లో వచ్చేది. మొదటి షిఫ్టు కోపం పొద్దున్నే లేవాల్సి వచ్చినందుకు, రెండో షిఫ్టు కోపం ఎండకు, మూడో షిఫ్టు కోపం అసలు పుట్టినందుకు. ఇప్పుడు రిటైరై గోదావరిఖనిలో ఇంటిపట్టున కూర్చున్నాక షిఫ్టులు పోయాయి, కోపం మిగిలింది. అదంతా కంప్యూటరు మీదే. పొద్దున దాన్ని తెరవగానే “మీ ఆపరేటింగ్ సిస్టం పాతబడింది, కొత్తది వేసుకోండి” అంటుంది. పాతబడింది నేను, నన్ను అడిగినవాడు ఒక్కడూ లేడు. “తర్వాత గుర్తుచేయి” అని నొక్కితే మర్నాడు సిగ్గులేకుండా మళ్లీ అదే మొహంతో వస్తుంది. ఆ మాట చదివినప్పుడల్లా నా నెత్తురు ఉడికిపోతుంది. ఎందుకు ఉడుకుతుందో చెప్పాలంటే మిమ్మల్ని మా గని టైం ఆఫీసుకు తీసుకెళ్లాలి.

టైం ఆఫీసంటే కార్మికుల హాజరు చూసే చోటు. మా దగ్గర గనిని బాయి అంటారు, హాజరును మస్టరు అంటారు. దిగినవాడికి మస్టరు పడుతుంది, దిగనివాడికి నాగా పడుతుంది. ఏడాదికి ఇన్ని మస్టర్లు ఉండాలని లెక్క. తగ్గితే ఛార్జిషీటు, తర్వాత విచారణ, ఆ తర్వాత ఉద్యోగం ఊడి క్వార్టరు ఖాళీ చేయడం. ఇంత పెద్ద వ్యవహారానికి ఒకే ఒక్క కంప్యూటరు, దానికి ఒకే ఒక్క దిక్కు నేను. నలభైకి దగ్గరపడినా కంప్యూటరు ముందు కుర్రవాణ్నే. గనిలో వెయ్యిమంది బతుకులు నా పది వేళ్ల మీద ఆడేవి. (రెండు వేళ్లు. మిగతా ఎనిమిదీ ఊరికే తోడు వచ్చేవి.) మస్టర్ల ప్రోగ్రాం ఎవరో ఎప్పుడో రాసిచ్చి వెళ్లిపోయినది. కంప్యూటరు వెనక, ప్రింటరు తీగ దగ్గర ప్రోగ్రాం ఎవరూ దొంగిలించకుండా ‘తాళం’ అనే అగ్గిపెట్టెంత ముక్క ఒకటి బిగించి ఉండేది. కంప్యూటరుకు అది కనిపిస్తేనే ప్రోగ్రాం తెరుచుకునేది. ఆ సంగతి గనిలో నా ఒక్కడికే తెలుసు. తెలిసి ఏం లాభమో ముందు ముందు మీరే చూస్తారు.

ఒకనాడు పెద్దాఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా మెడకు టై కట్టుకుని వచ్చాడు కాబట్టి ఆయన మాకు టై సారు. నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. “ఈ కంప్యూటర్లో వాడే ప్రోగ్రాములన్నీ ఇందులో రాయండి. ఏరియా ఆఫీసులో కొత్త సిస్టం వేసిన కంప్యూటరు ఒకటుంది. ఒక్కొక్క ప్రోగ్రాం అక్కడికి తీసుకెళ్లి నడిపి చూడండి. నడిచిన దానికి ఎదురుగా టిక్కు పెట్టండి. ఏ ఒక్కటి నడవకపోయినా చెప్పండి, మీ కంప్యూటరు జోలికి రాను. వారం టైమిస్తున్నాను.” మాట తీరు చూడండి, చిన్నపిల్లలకు హోంవర్కు ఇచ్చినట్టు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా డ్యూటీ డ్యూటీయే కదా. ఏరియా ఆఫీసుకు వెళ్తానని రాసి, ఆ రోజుకు ‘ఆన్ డ్యూటీ’ తీసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెమటలు కక్కుతూ తనిఖీ చేసి, అన్నింటికీ టిక్కులు పెట్టి, మర్నాడు కింద సంతకం చేశాను. వారం తిరిగేసరికి టై సారు వచ్చి పాత సిస్టం తీసేసి కొత్తది వేసి, టై సర్దుకుని జీపెక్కాడు.

మర్నాడు పొద్దున మస్టర్ల ప్రోగ్రాం నొక్కాను. తెర మీద ఒక గడి వచ్చింది: తాళం కనిపించడం లేదట. వెనక్కి వంగి చూస్తే తాళం అక్కడే ఉంది. తీసి తుడిచి మళ్లీ బిగించాను. లేదంది. ఉందిరా అంటే లేదంటుంది! కొత్త సిస్టానికి ఆ పాత తాళం పోల్చుకోవడం రాదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు తెలిసిన తిట్లు తెలుగులో అయిపోయాయి, ఉర్దూలో మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే తలుపు మీద కర్ర చప్పుడు.

కర్ర కాక. మైనింగ్ సర్దారు. ప్రతి షిఫ్టుకూ మనుషుల కంటే ముందు లోపలికి దిగి, చేతికర్రతో పైకప్పును కొట్టుకుంటూ పోవడం ఆయన పని. గట్టి కప్పయితే ఖంగుమంటుంది, పొర వదిలిన కప్పయితే డొల్లగా మోగుతుంది. ఖంగుమన్నాకే పుస్తకంలో సంతకం, ఆ సంతకం పడ్డాకే మనుషులు లోపలికి. ముప్పై ఏళ్లు అదే పని చేసి, ఆయన తలుపును, గోడను, టీ కొట్టు బల్లను, దేన్నయినా కొట్టి విన్నాకే నమ్మేవాడు. ఆ రోజు ఆయన చేతిలో కర్రతో పాటు ఒక కాయితం ఉంది.

“ఇగో, గిది జూడు. నాకు మస్టర్లు తక్కువున్నయట. ఛార్జిషీటిచ్చిండ్రు. రేపు పదింటికి విచారణ.”

“నీకు తక్కువెట్లయితయి కాకా? నువ్వు జరమొచ్చినా దిగేటోనివి.”

“గదే నేనడుగుతున్న. మూడు నెలలు మందమర్రి బాయి మీద ఏసిండ్రు గద. ఆ మస్టర్లు చిట్టీల మీద నీకే అచ్చినయి. పెద్దాఫీసోళ్లు గవి కలపలే. నువ్వు దినం దినం లెక్క తీసియ్యి, రేపు మేనేజరు దొర ముంగట వెడ్త. రెండేండ్లల్ల రిటైరై దిగిపోయేటోన్ని, ఇప్పుడు నాగాలోడని తీసేస్తరా?”

చిట్టీలు నేనే కంప్యూటర్లో ఎక్కించాను. ఎక్కించాక చిట్టీలు ఎందుకులే అనుకున్నాను. (అవి గేటు బయట మిర్చీ బజ్జీల బండి మీదికి ఎలా చేరాయో అడగకండి. బజ్జీలు మాత్రం బాగుండేవి.) అంటే కాక మూడు నెలల చెమటకు ఈ భూమ్మీద ఉన్న సాక్ష్యం ఒక్కటే, అది ఈ డబ్బాలో ఉంది, డబ్బా తెరుచుకోదు.

టై సారుకు ఫోను చేశాను. చేసి ఉతికి ఆరేశాను. “ఏమనుకుంటున్నారు? కార్మికుల పొట్ట కొడతారా? తక్షణం పాతది వేయండి!” అని ఫోను బద్దలయ్యేలా అరిచాను. (నిజానికి “సార్ నమస్తే సార్, చిన్న డౌటు సార్” అన్నాను. మిగతాది ఫోను పెట్టేశాక అన్నాను.) ఆయన బెల్లంపల్లిలో ఉన్నాడట. “మస్టర్ల ప్రోగ్రాం ముందు మీరు టిక్కు పెట్టారు కదా? మళ్లీ పాతది వేయాలంటే వారం ఆగాలి” అని పెట్టేశాడు. అది విని నేను కాక వైపు తిరిగి ఇంజనీర్ల జాతి మొత్తాన్ని తిట్టాను. “అడగకుండ జెయ్యకుండ అచ్చి కరాబు చేసి పోయిండు కాకా! గీళ్లను బాయిల దింపి పైకి రానియ్యద్దు!” కాక దగ్గరికొచ్చాడు. కంప్యూటరు డబ్బాను కర్రతో ఒకసారి తట్టి విని, తల అడ్డంగా ఊపాడు.

ఇక మిగిలింది రేడియో భాయ్. బస్టాండు వెనక రిపేరు దుకాణం ఆయనది. పేరుకు రేడియో, చేసేది కంప్యూటర్లు. ప్రోగ్రామునూ లెక్కల ఫైలునూ ఫ్లాపీలోకి ఎక్కించి, తాళం విప్పి రుమాల్లో చుట్టి, కాకను స్కూటరు వెనక ఎక్కించుకుని బయల్దేరాను. కాక కర్ర నా వీపులో గుచ్చుకుంటూనే ఉంది. అదృష్టం బాగుండి భాయ్ దుకాణంలో పాత సిస్టం ఉన్న కంప్యూటరు ఒకటి ఇంకా ఊపిరి పీలుస్తోంది.

“దీన్ని మార్చలే సాబ్. మా అమ్మీ లెక్క. కొత్త మాట చెప్తే వినదు, పాత మాట మర్చిపోదు” అంటూ తాళం బిగించి ఫ్లాపీలో ఉన్నవి ఎక్కించాడు. ప్రోగ్రాం నొక్కగానే తెరుచుకుంది. భాయ్ నవ్వాడు. “గింత చిన్న తాళం. ముందే కొత్త సిస్టం మీద పెట్టి చూస్తే తెలుస్తుండె గద. చూడమని చెప్పలేదా మీకు?”

“చూసినమయా! ఏరియా ఆఫీసుల దినమంత కూసోని చూసిన. అక్కడ మంచిగనే నడిచింది” అన్నాను, గొంతు పెంచి.

“ఎప్పుడు?”

“పోయిన మంగళారం.”

భాయ్ మొహం వెలిగింది. పాపం, ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. “అరే సాబ్, మంగళారం పెద్దపల్లిల మార్నింగ్ షో సిన్మా కాడ మనం కల్సినం గద! మ్యాట్నీకి గూడ మీరు ఆడనే ఉన్నరు. ఇంటర్వెల్ల సమోసా నేనే తినిపిస్తి!”

అవును. రెండు ఆటలు చూశాను. ఇంతసేపూ మీకు చెప్పిన చెమటలు సినిమా హాల్లో ఫ్యాను తిరగక పట్టినవి. కాగితం మీద టిక్కులు తిరుగు బస్సులో పెట్టాను, అందుకే కొన్ని కింది గడిలోకి జారాయి. వెనక ప్రింటరు గీరుగీరుమంటూ కాక మస్టర్లు ఒక్కొక్క దినం బయటికి తోస్తోంది. మందమర్రి మూడు నెలలూ ఉన్నాయి, ఒక్క నాగా లేదు. ఆ మంగళవారం మస్టరు నాకు కూడా పడింది. ఆన్ డ్యూటీ కదా. పని చేసినవాడికి నాగా, సినిమా చూసినవాడికి మస్టరు.

కాక మెల్లగా లేచాడు. నేనెప్పుడూ ఆయన కోపం చూడలేదు. చూశాక అర్థమైంది, నాకున్నది కోపం కాదు, నోరు.

“సూడకుంటనే సంతకం వెట్టినవా?”

“కాకా, అది ఉత్త కాయితం…”

“నాది గూడ ఉత్త కాయితమేరా! పైకప్పు కొట్టి చూడకుంట కుర్సీల కూసోని నేను గట్ల సంతకం వెడితే, ఏమైతదిరా? చెప్పు, ఏమైతది?” కర్రతో నేల మీద ఒక్కటి కొట్టాడు. దుకాణంలో విప్పిపెట్టిన రేడియోలన్నీ గల్లుమన్నాయి. “గా సారును పొద్దటిసంది తిడుతున్నవు. నేను గూడ నీతోని కలిసి మనసుల తిట్టుకున్న. గా పాపం నాకెందుకు అంటిచ్చినవు?”

తిట్టినందుకు కూడా బాధపడే మనిషి ముందు నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. భాయ్ ఏమీ అర్థం కాక, “చాయ్ చెప్పాల్నా?” అన్నాడు. కాక కాగితాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

మర్నాడు పదింటికి కాక కాగితాలు దొర ముందు పెట్టాడు. అరగంటలో ఛార్జిషీటు కొట్టేశారు. “ఈ లెక్క ముందే ఎందుకు రాలేదు?” అని దొర అడిగితే, తలుపు పక్కన నిలబడ్డ నేను తలుపు వెనక్కి జరిగాను. కాక నా వైపు చూడకుండానే అన్నాడు, “డబ్బా కరాబైంది దొరా. ఇగ కాదు.” ఆ “ఇగ కాదు” అన్నది దొరతో కాదని నాకు తెలుసు.

ఆయన నన్ను క్షమించాడనుకుంటున్నారా? రిటైరయ్యేదాకా, రెండేళ్లు, దిగే ముందు ప్రతి షిఫ్టుకూ టైం ఆఫీసు తలుపు మీద కర్రతో ఒక దెబ్బ వేసి, “ఏమయ్యా, కొట్టి చూసినవా?” అని అందరి ముందూ అడిగి మరీ దిగేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన రిటైరై వెళ్లిన మర్నాడు మాత్రం తలుపు వైపు చూస్తూ, అరగంట పని మొదలుపెట్టలేకపోయాను. ఈ కథ నేను పదిమందికి చెప్పాను; ప్రతిసారీ టై సారే దుర్మార్గుడు. నిన్నటి దాకా అంతే. ఎండలో టై కట్టుకుని కూడా సరిగ్గా చెప్పాల్సింది చెప్పి వెళ్లిన మనిషి ఆయన.

ఇవాళ పొద్దున కూడా కంప్యూటరు అడిగింది, కొత్త సిస్టం వేసుకోమని. తిట్టవలసిన నాలుగు మాటలూ తిట్టి, ఒక తెల్లకాగితం తీసుకుని దానిలో ఉన్నవన్నీ వరసగా రాశాను: తెలుగు టైపు ప్రోగ్రాం, ప్రింటరు, ఫొటోలు, మా ఆవిడ పేకాట. ఒక్కొక్కటి కొత్త సిస్టం మీద నడుస్తుందో లేదో వాకబు చేస్తుంటే మధ్యాహ్నమైంది. తెలుగు టైపు దగ్గర ఆగాను; నడవదట. టిక్కు పెట్టలేదు. పక్కనున్న చేతికర్ర తీసి (అవును, ఇప్పుడు నాకూ ఒకటుంది, మోకాళ్ల కోసం) కంప్యూటరు డబ్బాను తట్టి విన్నాను. డొల్లగా మోగింది. ఎప్పుడు కొట్టినా అది అలాగే మోగుతుంది. కాక లెక్క ప్రకారం ఎవరినీ లోపలికి పంపకూడదు. “తర్వాత గుర్తుచేయి” అని నొక్కి, చాలా రోజుల తర్వాత కోపం లేకుండా, తలుపు వైపు చూశాను.