దేవదానం నాడి తప్పిన రోజు

దాదాపు ముప్పై ఏళ్లుగా ఒక వందనం మోస్తున్నాను. శంషాబాద్ సంతలో ఎదురైనప్పుడల్లా కరుణమ్మ చేతిసంచి కింద పెట్టి, రెండు చేతులూ జోడించి "వందనాలన్నా" అంటుంది. తన భర్త సంగతి దవాఖానలో పట్టించుకున్నది ఈ అన్న ఒక్కడేనని పక్కనున్నవాళ్లకు నన్ను చూపిస్తుంది. నేను నవ్వుతాను. ఆ నవ్వు గురించే మీకు చెప్పాలి. ఇంకెవరికీ చెప్పలేదు.

తొంభైల్లో, ఇక్కడ ఇంకా విమానాలు దిగని రోజుల్లో, నేను శంషాబాద్ నుంచి రోజూ బస్సెక్కి నగరంలోని ఒక గుండె దవాఖానకు వెళ్లి ఈసీజీలు తీసేవాణ్ని. ఆపరేషన్ తర్వాత ఎవరి గుండె లయ తప్పుతుందో ముందే కాగితం చూసి చెప్పగలిగినవాణ్ని దేశం మొత్తం మీద నేనొక్కణ్నే.

కాదు. మా దవాఖానలో నేనొక్కణ్ని.

అదీ కాదు. చెప్పగలనని అందరినీ నమ్మించినవాణ్ని.

విద్య మాత్రం నిజమైనదే. ఈసీజీలో పెద్ద గీత లేచే ముందు చిన్న గుబ్బ ఒకటి వస్తుంది. అది గుండె పైగదులది. ఆ గుబ్బ మామూలుకంటే వెడల్పుగా సాగితే, ఆపరేషన్ అయిన రెండో మూడో రోజు ఆ గదులు అదుపు తప్పి కొట్టుకునే ప్రమాదం ఎక్కువని మా సర్జన్ నేర్పాడు. డివైడరు, భూతద్దం ఇచ్చి కొలవమన్నాడు. వార్డులో మానిటర్లు తక్కువ. ఎవరికి ఎక్కువ రోజులు ఉంచాలో తేల్చడానికి నా మాట ఆయనకు కావాలి. మొదట్లో బుద్ధిగానే కొలిచాను. కొన్ని కలిశాయి, కొన్ని తప్పాయి. కలిసినప్పుడు దొరికే గౌరవం ఉందే, అది నాకు బాగా రుచించింది. ఇక తప్పకూడదని ఒక ఉపాయం పట్టాను. లయ తప్పే ప్రమాదం రాదని డాక్టరుతో చెబితే ఇంటివాళ్లతో వస్తుందనేవాణ్ని. అటు వస్తుందంటే ఇటు రాదు. ఏం జరిగినా ఒకరి దగ్గర నేను మహానుభావుణ్ని. రెండోవాళ్ల దగ్గర తల గోక్కుని, మీ ప్రార్థన పనిచేసిందనో, ఇంకేదో అనేవాణ్ని. డాక్టరూ ఇంటివాళ్లూ ఒకచోట కూర్చుని నా మాటలు పోల్చుకోరు కదా! నవ్వొస్తోందా? నాకూ వచ్చేది.

దేవదానం మామిడిపల్లి మేస్త్రి, కరుణమ్మ భర్త. ఆయన పూత పెట్టిన గోడ మీద చెయ్యి వేస్తే ఎక్కడా గరుకు తగిలేది కాదట. ఆపరేషన్ ముందురోజు ఆయన ఈసీజీ నా బల్ల మీదికి వచ్చింది. కొలవలేదు. చాయ్ చల్లారుతోందని. డాక్టరుతో రాదన్నాను. బయట కరుణమ్మతో వస్తుందన్నాను. మాటకు బరువు రావాలని, మణికట్టు వదలకుండా నాడి చూస్తూ ఉండమని కూడా చెప్పాను.

నా మాట మీద ఆపరేషన్ అయిన రెండో రోజే దేవదానం మానిటర్ తీసి ఇంకొకరికి పెట్టారు. మర్నాడు కరుణమ్మ ఈసీజీ గదికి పరుగున వచ్చింది.

"అన్నా, నువ్వు చెప్పినట్లే అయితున్నది. నాడి దుంకుతున్నది, ఆగుతున్నది, మల్ల దుంకుతున్నది."

"పరేషాన్ గాకక్కా. ఆపరేషన్ అయినోళ్లకు గట్లనే ఉంటది."

"డాక్టర్ సారుకు చెప్పొద్దా మరి? సిస్టరమ్మనన్న పిలువాల్నా?"

"నేను చెప్తా తియ్. నువ్వు పోయి ఆయన దగ్గర కూసో."

"నువ్వున్నవని ధైర్యమన్నా. మాకు ఈడ ఎవలు తెలుసు? వందనాలు."

వెళ్లి మణికట్టు పట్టుకున్నాను. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ పొంతన లేదు. లయ తప్పిందని తెలిసిపోయింది. మిషను తెచ్చి కాగితం తీస్తే డాక్టరుకూ తెలుస్తుంది, నేను రాదన్నది తప్పని. ఆ వారమే ఆయన పదిమంది డాక్టర్ల ముందు నా భుజం తట్టాడు. చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది కదా, ఈయనకు మాత్రం రేపటికి సర్దుకోదా? ఇలా అనుకున్నాను. మర్నాడూ ఇలాగే అనుకున్నాను. వెళ్లడం, నాడి చూడటం, కరుణమ్మకు తల ఊపి రావడం.

ఆ తర్వాతి పొద్దున దేవదానం కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దయింది. లయ తప్పిన గదిలో నెత్తురు గడ్డకట్టి మెదడుకు చేరిందన్నాడు సర్జన్. ముందే తెలిసుంటే మందులు మొదలుపెట్టేవాళ్లమన్నాడు. నాడి సరిగ్గా చూడలేదని నర్సును తిట్టాడు. ఆమె ఏడ్చింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. కరుణమ్మ నావైపు చూసింది. నేను చెప్పాననీ, డాక్టర్లే వినలేదనీ అనుకుంది. అనుకోనిచ్చాను.

దేవదానం మళ్లీ తాపీ పట్టలేదు. బతికినన్నాళ్లూ ఎడమచేత్తో అన్నం తిన్నాడు. ఆయన పనిచేసిన చోట్లకే కరుణమ్మ ఇటుకలు మోసే కూలికి పోయింది.

ఆ రోజే చెప్పి ఉంటే చెయ్యి నిలిచేదా? ఏమో. మందు వేసినా పడిపోయేదేమో. ఈ 'ఏమో' చాటున చాలా ఏళ్లు దాక్కున్నాను. కానీ నోరు మూసుకున్నప్పుడు నేను ఆలోచించింది ఆయన చెయ్యి గురించి కాదు. నా పేరు గురించి.

రేపు మామిడిపల్లి వెళ్లి కరుణమ్మకు అంతా చెబుతానని రాయబోయి ఆగిపోయాను. వెళ్తానో లేదో నాకే తెలియదు. రాస్తే నా గొప్పల్లో అదొకటి అవుతుంది. క్షమించమని అడిగే మొహం లేదు. ఇంత మాత్రం రాస్తాను: దేవదానం గుండె లయ తప్పిందని తెలిసి కూడా రెండు రోజులు నేను డాక్టరుకు చెప్పలేదు.

చూడండి, ఇందులో ఒక్క ముక్క కలపలేదు. రాసి, పైకి ఒకసారి చదువుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఊపిరి హాయిగా ఆడుతోంది. అలా ఆడటం న్యాయమేనా అంటే, తెలియదు. ఆడుతోంది.