సూర్యకాంతం సాధు గుర్రాలు

కొత్తపేటలో జట్కా తోలే గణపతి పోయేసరికి ఊళ్లో ఆటోలు వచ్చేశాయి. అతని భార్య సూర్యకాంతానికి గుర్రాల పని తప్ప మరో పని తెలియదు. తొంభై మూడులో, రావులపాలెంలో డేరా వేసిన చిన్న సర్కస్ ఒకటి మూతపడితే, అక్కడ మిగిలిపోయిన ఆడగుర్రాన్ని కొని నడిపించుకుంటూ ఇంటికి తెచ్చుకుంది. దాని మొహమంతా తెలుపు, కళ్లు నీలం. నీలి అని పేరు పెట్టింది.

ఆ దీపావళికి ఎవరో షెడ్డు పక్కనే సీమటపాకాయల జడ ముట్టించారు. పొరుగింటి ఆవు పలుపు తెంపుకుని పారిపోయింది. నీలి మాత్రం గడ్డి నములుతూ నిలబడింది. సూర్యకాంతం నోరు తెరిచి చూసింది. గుర్రం ఎక్కాలని మనసులో ఉన్నా భయపడి ఆగిపోయినవాళ్లు ఆమెకు చాలామంది తెలుసు. వాళ్ల కోసం ఇంత నెమ్మదైన గుర్రాలను పుట్టిస్తే!

ముమ్మిడివరం దగ్గర భీమరాజు గారి గోధుమరంగు మగగుర్రంతో నీలిని కట్టించింది. అయిదేళ్లలో మూడు పిల్లలు పుట్టాయి. గుర్రాల మీద గణపతి అరుపులు విని విని విసిగిపోయిందేమో, సూర్యకాంతం వాటికి ఏం నేర్పినా ఎదురుగా నిలబడి చెయ్యి చూపించేది, మెడ మీద తట్టేది. ఎప్పుడూ గొంతెత్తలేదు. తండ్రి రంగు వచ్చిన మొదటి రెండింటినీ అమలాపురంలో కొబ్బరికాయల వ్యాపారం చేసే కిషోర్, ముమ్మిడివరంలో రొయ్యల చెరువులున్న వెంకటరాజు కొన్నారు. మూడోది వెన్నెల. అచ్చం తల్లే, తెల్ల మొహం, నీలం కళ్లు. దాన్ని అమలాపురంలో హిందీ టీచరు రాజ్యలక్ష్మి కొనుక్కుంది. నలభై అయిదేళ్ల వయసులో ఆవిడ మొదటిసారి గుర్రమెక్కి కాలవగట్టు మీద వెళుతుంటే జనం ఆగి మరీ చూసేవారు.

రెండువేల రెండు జూలైలో పక్కింటివాళ్ల ఫోనుకి కబురొచ్చింది. చేసింది టీచరు భర్త.

"మీ గుర్రం కాలవలోకి దూకేసిందండి. మా ఆవిడకి భుజం విరిగింది."

"మా వెన్నెలాండీ? అది బెదరదండి. ఇంకో గుర్రమేమో చూడండి."

"ఈ ఊళ్లో ఇంకో తెల్లమొహం గుర్రం ఎక్కడుందండీ?" అని ఆయన పెట్టేశాడు.

బస్సు దిగి వెళ్లేసరికి టీచరు కట్టు కట్టిన భుజంతో మంచం మీద ఉంది. కోపంగా లేదు. ఆలోచిస్తున్నట్టుంది.

"సూర్యకాంతం గారూ, లారీ హారను నాకు చాలా దూరం నుంచే వినపడిందండి. వాడు మోగిస్తూనే వచ్చేడు. దీని చెవులు మాత్రం అటు తిరగలేదు. లారీ పక్కకొచ్చి కంటబడ్డాక ఒక్కసారిగా ఎగిరి దూకేసింది."

"ఒక్క చెవి కూడా తిరగలేదాండీ?"

"ఆయ్. ఒక్కటి కూడా."

సూర్యకాంతం తిరుగు బస్సెక్కింది. ఇంటికి రాగానే చీరైనా మార్చుకోకుండా స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని షెడ్డులో నీలి వెనక్కి వెళ్లింది. గట్టిగా కొట్టింది. చెట్టు మీది కాకులు లేచిపోయాయి. నీలి చెవులు కదల్లేదు. మళ్లీ కొట్టింది. కొడుతూ కొడుతూ పక్కకు వచ్చింది. పళ్లెం కంటబడ్డాక గాని నీలి తల తిప్పలేదు.

పేరు పెట్టి పిలిస్తే పరుగెత్తుకొచ్చేదే! అనుకుంది. వెంటనే, పిలిచిన ప్రతిసారీ తన చేతిలో ఉలవల బాల్చీ ఉండేదని గుర్తొచ్చింది. పళ్లెం జారి కింద పడింది. ఆ మోత కూడా నీలికి పట్టలేదు.

మర్నాడు పశువుల డాక్టరు వచ్చి చూశాడు. "మొహమంతా తెలుపుండి, కళ్లు నీలంగా ఉన్నవాటిలో కొన్నిటికి పుట్టుచెవుడు ఉంటుందండి. పిల్లలకీ రావచ్చు. మీ దగ్గర ఎన్నాళ్లుగా ఉంది?"

"తొమ్మిదేళ్లండి" అంది. ఆయన సంచి సర్దుకుని లేచాడు. ఇన్నేళ్లూ ఎలా కనిపెట్టలేదని అడిగి ఉంటేనే బాగుండేదనిపించింది ఆమెకు.

ఆ మధ్యాహ్నమే పళ్లెం సంచిలో పెట్టుకుని బయలుదేరింది. కిషోర్ దొడ్లో గుర్రం వెనక నిలబడి కొట్టింది. దాని చెవులు రెండూ ఠక్కున వెనక్కి తిరిగాయి. తల తిప్పి ఆమెను చూసి, కదలకుండా నిలబడింది. ముమ్మిడివరంలో వెంకటరాజు గుర్రం రెండు గంతులు వేసి బుసకొట్టింది. మెడ మీద చెయ్యి పడగానే సర్దుకుంది. బెదిరిన గుర్రాన్ని కావలించుకుని ఏడుస్తున్న మనిషిని చూసి వెంకటరాజు బిత్తరపోయాడు.

"ఏమైందండీ? దీనికేమైనా జబ్బా?"

"లేదండి. వినపడుతోందండి దీనికి."

వెన్నెలను తీసుకుపోవడానికి వెళ్లినప్పుడు టీచరు భర్త గుమ్మంలోనే నిలబెట్టి అడిగాడు. "అన్నేళ్లు పెంచేరు. చెవుడని తెలీదంటే ఎవరు నమ్ముతారండీ?"

ఆయన చోట తానున్నా నమ్మేది కాదనుకుంది సూర్యకాంతం. పగ్గం పట్టుకుని వెన్నెలను రోడ్డు మీదకు తీసుకొచ్చింది. లారీ వచ్చినప్పుడల్లా దాని కంటికి అడ్డంగా నిలబడుతూ కొత్తపేట చేరేసరికి సాయంత్రమైంది.

నీలిని మళ్లీ కట్టించలేదు. ఇక గుర్రాల మాటే వద్దనుకుంది.

డిసెంబరులో ఒక ఆదివారం షెడ్డు ముందు ఆటో ఆగింది. రాజ్యలక్ష్మి టీచరు దిగింది. ఒక భుజం ఇంకా కాస్త కిందికే ఉంది. తిట్టడానికే వచ్చిందనుకుని సూర్యకాంతం లేచి నిలబడింది.

"రోడ్డు మీదకి వద్దులెండి. మీ దొడ్లోనే వెన్నెల మీద తిరుగుతాను" అంది టీచరు. "జీను వేస్తారా?"

సూర్యకాంతం జీను కోసం లోపలికి పరుగెత్తింది.