బూడిద సిమెంటు పలక

మా ఇంట్లో బూడిదను తిట్టని పొద్దు ఉండేది కాదు. రుద్రూర్ దాటాక చెరకు తోటల మధ్య ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. బాపు అక్కడ బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. రసం తీసిన చెరకు పిప్పిని బాయిలర్‌లో కాలుస్తారు. కాలిన బూడిదను కింద నుంచి లాగి బయట పోయడం ఆయన పని. చెరకు ఆడే క్రషింగ్ నడిచినన్నాళ్ళూ ఆరేసిన బట్టల మీద, ఎండబోసిన పసుపు మీద, ఆఖరికి అన్నంలో కూడా నల్లటి నుసే. "జీతం తెచ్చుడు మరిశిపోతడు గని, బూడిద తెచ్చుడైతే మరువడు," అని అవ్వ తన మొగుణ్ణి వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా అనేది. బాపు నవ్వి తువ్వాలు దులిపేవాడు. ఇంకాస్త రాలేది.

ఫ్యాక్టరీ మూతబడింది. గోడ వెనక బూడిద గుట్ట అలాగే మిగిలిపోయింది. బాపుకు దమ్ము జబ్బు మిగిలింది. బూడిద వల్లో బీడీల వల్లో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. పది మెతుకులు తిని ఆయాసపడి గోడకు ఆనుకునేవాడు. ఆయన ఛాతీలోంచి వచ్చే పిల్లికూత వింటుంటే నాకు ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపించేది. ఎవరిని కొట్టాలో తెలిసేది కాదు.

నేను నిజామాబాద్‌లో సివిల్ డిప్లొమా చదివి, బోధన్ రోడ్డులో సిమెంటు పలకలు పోసే షెడ్డు ఒకటి కిరాయికి తీసుకున్నాను. సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడు లేచే పొగ లోకాన్ని వేడెక్కిస్తోందని, పలకల్లో సిమెంటు తగ్గించి చెరకు బూడిదా సున్నమూ కలిపితే ఆ పొగ తగ్గుతుందని చదువుకున్నప్పుడే విన్నాను. ఉన్నమాట చెప్పాలంటే, లోకాన్ని చల్లబరచడానికి కాదు నేను ఈ పనికి దిగింది. బాపు ఊపిరిని తినేసిన బూడిద ఒక్కసారైనా ఒకరికి పనికిరావాలి, అది బాపు తన కళ్ళతో చూడాలి. నా పంతమంతా అదే.

ఆ గుట్ట నుంచి బూడిద తెచ్చి, జల్లెడ పట్టి, సగం కాలిన పిప్పి పోయేలా మళ్ళీ కాల్చి, మరలో మెత్తగా పట్టించాను. షెడ్డులో పోసిన చిన్న చిన్న ముక్కలు బాగానే గట్టిపడ్డాయి. మురికి కాలువల మీద కప్పే పలకలు కావాలని బోధన్ కాంట్రాక్టరు ఒకాయన తిరుగుతున్నాడని తెలిసి వెళ్ళి కలిశాను. "ఒక్క పలక పోసి సూపియ్యి. నిలబడితే పనంతా నీకే," అన్నాడు. ఆ పలకను షెడ్డులో కాకుండా మా వాకిట్లో పోశాను. బాపు చూడాలి కదా.

ఆ పొద్దున బాపు తలకు నూనె రాసుకుని, ఉతికిన ధోతి కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. పెళ్ళికి పోతున్నవా అని అవ్వ ఎగతాళి చేసింది. ఏమేం కలుపుతున్నానో ఒక్కొక్కటే అడిగాడు. బూడిద, సిమెంటు, సున్నం, ఇసుక అని చెప్పాను. సున్నం అనగానే తలూపాడు. ఇనుప చట్రం కోసం నేను లోపలికి వెళ్ళి వచ్చాను. నీళ్ళు పోసి కలిపి, చట్రంలో నింపి, తాపీతో సాపు చేసి, గోనెసంచి తడిపి కప్పాను.

మర్నాడు పొద్దున్నే, "గట్టివడ్డదా బిడ్డా?" అని అడిగాడు. పడలేదు. చలికాలం కదా, రేపటికి పడుతుందిలే అన్నాను. ఆ మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. ఈలోపు చెప్పిన రోజుకు కాంట్రాక్టరు రానే వచ్చాడు. సంచి తీసి, బొటనవేలితో పలక మీద నొక్కాడు. వేలు గోరు దాకా దిగబడింది.

"ఇది సిమెంటా, జొన్నరొట్టె పిండా?" అని, వేలు మా తలుపుకే తుడిచి బండెక్కి వెళ్ళిపోయాడు.

నేను పలక పక్కనే కూలబడ్డాను. అప్పుడు కనిపించాయి చీమలు. గోడ వారగా బారు కట్టి వచ్చి, పలక అంచు పట్టుకుని తింటున్నాయి. సిమెంటుకు చీమలేమిటి? తలెత్తి బాపు వైపు చూశాను.

"బెల్లం నీళ్ళు వోసిన," అన్నాడు, పెద్ద సాయం చేసినవాడిలా. "నువ్వు ఇంట్లకు వోయినప్పుడు బకెట్ల కలిపిన. సున్నం ఏస్తున్న అన్నవు గదా. మా నాయిన సున్నం గచ్చు వోసినప్పుడు బెల్లం నీళ్ళు లేకుంటే తాపీ పట్టకపోతుండె. గిప్పటి పోరగాండ్లకు గది తెల్వదాయె."

సున్నానికి బలమిచ్చే బెల్లం సిమెంటును గడ్డకట్టనివ్వదు. చెప్పాను. చెప్పక ఏం చేయను? నెమ్మదిగానే చెప్పాననుకుంటాను. "గట్లనా," అన్నాడు. కుర్చీ తనే ఎత్తుకుని, ఆయాసపడుతూ లోపలికి వెళ్ళాడు.

కాంట్రాక్టరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను, ఇంకొక్క పలక పోస్తానన్నాను. పగలబడి నవ్వాడు. "కాల్వ మీద కప్పతందుకు పలకలు అడిగిన గని, అరిసెలు అడిగిన్నా?" అన్నాడు. బూడిద సిమెంటు నిలబడదన్న మాట బోధన్ నుంచి వర్ని దాకా పాకింది. ఆ తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళినా బెల్లం సంగతే అడిగి నవ్వేవాళ్ళు. షెడ్డు ఖాళీ చేశాను. ఆ పలకను చట్రంతో సహా ఇంటి వెనక్కి ఈడ్చి, దాని ముఖం చూడటం మానేశాను. బాపు ఇక వాకిట్లో కూర్చోలేదు. గట్టివడ్డదా అని మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండేదని ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

వానలు మొదలయ్యాక బాపు పోయాడు. వాకిలంతా బురద. స్నానం చేయించడానికి పీట వేస్తే ఒక పక్కకు కూరుకుపోతోంది. బండ ఏదైనా ఉందా అని ఎవరో అడిగారు. మా వాడకట్టు వాళ్ళు ఇంటి వెనక్కి వెళ్ళి, ఇదేం బరువురా నాయనా అనుకుంటూ ఒకదాన్ని మోసుకొచ్చి వేశారు. ధడేలుమని పడింది. పగలలేదు. బెల్లం ఆలస్యం చేసిందే కానీ చెడగొట్టలేదు. మేమంతా వదిలేసి పోయాక, వాన నీళ్ళు తాగి, అది తన తీరున గట్టిపడింది.

బాపును దాని మీద కూర్చోబెట్టి ఇద్దరు రెండు వైపులా పట్టుకున్నారు. నేను చెంబుతో నీళ్ళు పోశాను. ఒంటి మీంచి జారిన నీళ్ళు కాంట్రాక్టరు బొటనవేలి గుంటలో నిలిచాయి. అవ్వ వంగి ఆ గుంటను రెండుసార్లు చేత్తో తుడిచింది. నీళ్ళు మళ్ళీ నిండాయి.

నేను బాపు చెవి దగ్గరికి వంగి, "గట్టివడ్డది బాపూ," అన్నాను.